కాలికి ముందు, చెవికి తర్వాత

మా ఫ్లాట్ పుప్పాలగూడలో, నాలుగో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఒకప్పుడు గుట్ట కనిపించేది, ఇప్పుడు ఆ గుట్ట ఉన్నచోట మూడు సెల్లార్ల లోతు గొయ్యి కనిపిస్తుంది. నిరుడు ఎండాకాలమంతా ఆ గోతిలో బండను తూటాలు పెట్టి పేల్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఈల ఊదేవాళ్లు, ఎర్రజెండా పట్టుకుని ఒకతను రోడ్డు మీద ఆటోలను ఆపేవాడు, మా వీధి కుక్కలు ఈల వినగానే మెట్ల కిందికి దూరిపోయేవి, ఇంకో రెండు నిమిషాలకు పేలుడు.

సెలవులకు హనుమకొండ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు, ఏడో తరగతి అయిపోయింది. వాడు నేలమీద కూర్చునే తింటాడు, కంచం పక్కన స్టీలు గ్లాసులో మజ్జిగ. ఆ రోజు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. మజ్జిగ మీద సన్నటి వలయాలు లేచాయి, గ్లాసు కంచం అంచుకు తగిలి గిణ్‌మంది, కింద గచ్చు ఒక్కసారి వణికింది. వాడు నావైపు తిరిగి ఏదో అనబోయాడు, చప్పుడు అప్పుడొచ్చింది, దభేల్‌మని, కిటికీ రెక్కలు కొట్టుకునేలా.

"మామా, రెండుసార్లు పేల్చిండ్రా?"

"ఒక్కసారే రా."

"మరి నాకు రెండుసార్లు ఎందుకొచ్చింది?"

వాడికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. "శబ్దం లేటుగా వస్తుంది" అని తప్పించుకున్నాను, ఎందుకు లేటు, నేల ఎందుకు తొందరపడింది అంటే నా దగ్గర టెన్త్ క్లాసు పుస్తకంలోని నాలుగు ముక్కలు తప్ప ఏమీ లేవు. తర్వాత కూర్చుని ఆలోచించిందీ, చదివిందీ, వాడితో కలిసి లెక్క వేసిందీ ఇది.

మర్నాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఇద్దరం నేలమీద కూర్చున్నాం. కింద వణుకు తెలియగానే నొక్కడం, చప్పుడు వినగానే ఆపడం. రెండు సెకన్లకు కాస్త అటూ ఇటూ వచ్చింది. మధ్యాహ్నం ఎండలో గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు వెళ్తుంది, అంటే గొయ్యి సుమారు 700 మీటర్ల దూరం. అదే దూరం మన గ్రానైట్ బండలో అయితే? గట్టి గ్రానైట్‌లో తరంగం సెకనుకు 5 కిలోమీటర్ల పైనే పోతుంది, 700 మీటర్లు దాటడానికి దానికి సెకనులో ఏడో వంతు చాలు. హైదరాబాద్ కూర్చున్నదే 250 కోట్ల ఏళ్ల నాటి బండ మీద. మా పునాదీ ఆ బండ మీదే, ఆ గొయ్యీ ఆ బండలోనే. కబురు రావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

అసలు ఇక్కడ ప్రయాణించింది ఏమిటి అన్నది ముందు తేల్చుకోవాలి, చాలామంది జారిపడేది ఇక్కడే. రాయి ప్రయాణించలేదు, గాలి ప్రయాణించలేదు. యాదగిరిగుట్టలో ధర్మదర్శనం క్యూ గుర్తు తెచ్చుకోండి. వెనకాల ఎవరో ఒకాయన తూలి ముందువాళ్ల మీద పడతాడు, ఆ నెట్టుడు ఒకరి వీపు మీంచి ఇంకొకరి వీపు మీదికి, అలా అలా ముందున్న రెయిలింగ్ దాకా వచ్చేస్తుంది. తూలినాయన మాత్రం అక్కడే ఉన్నాడు. మధ్యలోవాళ్లు అరడుగు ముందుకు ఒరిగి, మీద పడుతున్నామని మొహమాటపడి, మళ్లీ వెనక్కి సర్దుకున్నారు. అందరూ తమ చోట్లోనే ఉన్నారు, నెట్టుడు ఒక్కటే దర్శనానికి చేరిపోయింది.

అందుకే వేగం అన్నప్పుడు రెండు వేగాలున్నాయని గుర్తు పెట్టుకోవాలి. కబురు బండలో సెకనుకు 5 కిలోమీటర్లు పోతుంటే, ఆ కబురు మోస్తున్న బండ రేణువు మాత్రం ఉన్నచోటే సెకనుకు ఏ రెండు మూడు మిల్లీమీటర్ల వేగంతోనో అటూ ఇటూ ఊగుతోంది. ఇళ్లు బీటలు వారేది ఈ రెండో వేగం వల్లే. గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో పెట్టిన పరిమితులు కూడా దీని మీదే: మామూలు ఇటుక, సిమెంటు ఇళ్ల దగ్గర కంపనాలు సెకనుకు 8 లోపు ఉంటే నేల ఊగే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆ పైన 15. నెమ్మదిగా ఊగే ఊపుకే ఇల్లు ఎక్కువ కదులుతుంది కాబట్టి దానికే గట్టి పరిమితి. మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "తరంగం 5 కిలోమీటర్ల స్పీడుతో మన పిల్లర్లకు తగులుతోంది" అని రాసి రెండు రోజులు అందరికీ నిద్ర లేకుండా చేశారు.

ఇక క్యూలో ఆ మొహమాటం సంగతి. నెట్టుడు ముందుకు పోవాలంటే ప్రతి మనిషీ తన చోటికి తిరిగి రావాలి. తిరిగి రావాలన్న పంతం లేకపోతే తరంగం లేదు. తడి ఇసుక కుప్ప మీద కొట్టండి, కుప్ప సొట్టపడి అలాగే ఉండిపోతుంది, కబురు అక్కడే చచ్చిపోతుంది. దండేనికి ఒక చివర కొట్టండి, బిగుతుగా ఉంటే గుంజకు తగిలి వెనక్కి కూడా వస్తుంది, వదులుగా వేలాడుతుంటే రెండు వంకలు తిరిగి ఊరుకుంటుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఫోన్లు ఆడుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, దారం బిగించకపోతే అవతల ఏమీ వినపడదు.

పుస్తకాల్లో ఈ పంతాన్ని స్థితిస్థాపకత అంటారు. రెండోది బరువు, అంటే సాంద్రత. పంతం ఎక్కువైతే రేణువు గబుక్కున తిరిగొస్తుంది, కబురు వేగంగా పోతుంది. బరువు ఎక్కువైతే కదలడానికే బద్ధకిస్తుంది, కబురు మెల్లగా పోతుంది. పంతాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే వేగం. వీణ తీగలో దీన్ని చేత్తో పట్టుకోవచ్చు: బిగింపు నాలుగు రెట్లు చేస్తే వేగం రెండు రెట్లే అవుతుంది, మంద్ర స్థాయి తీగకు రాగి తీగ చుట్టేది కూడా బరువు పెంచి కబురును నెమ్మది చేయడానికే.

ఇక్కడ ఒక పాత తప్పును సరిదిద్దాలి, నేనూ ఇరవై ఏళ్లు నమ్మాను. "చిక్కటి పదార్థంలో శబ్దం వేగంగా వెళ్తుంది, అందుకే గాలి కంటే నీటిలో, నీటి కంటే ఉక్కులో వేగం ఎక్కువ" అని మాకు ట్యూషన్ సార్ చెప్పారు. వేగాలు నిజమే: గాలిలో 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు, నీటిలో సుమారు 1,480, ఉక్కులో సుమారు 5,900. కారణమే తప్పు. చిక్కదనమే కారణమైతే సీసంలో ఉక్కు కంటే వేగంగా పోవాలి కదా, సీసం ఉక్కు కంటే బరువు. కానీ సీసంలో వేగం 2,200కు దగ్గర్లోనే ఆగిపోతుంది, ఎందుకంటే సీసం మెత్తన, దానికి పంతం లేదు. ఉక్కు గాలి కంటే దాదాపు ఆరున్నర వేల రెట్లు బరువు, ఆ లెక్కన అందులో శబ్దం నత్తనడక నడవాలి, కానీ దాని పంతం గాలికున్న పంతానికి దాదాపు 19 లక్షల రెట్లు. భాగిస్తే 300కు కాస్త తక్కువ, వర్గమూలం 17. గాలి వేగానికి 17 రెట్లు వేసి చూడండి, 5,900 దగ్గరికే వస్తారు. బరువు అడ్డుపడింది, పంతం గెలిచింది, అంతే.

గాలిలో పంతం పెరిగేది వేడితో. సున్నా డిగ్రీల దగ్గర 331 మీటర్లు, మన మే నెల 40 డిగ్రీల్లో 355. పీడనం మాత్రం దీన్ని మార్చదు, ఎందుకంటే ఎత్తుకు పోయేకొద్దీ గాలి పంతం, బరువు రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. (కాంతి, రేడియో తరంగాలు వేరే బాపతు, వాటికి మోయడానికి పదార్థమే అక్కర్లేదు, వాటి జోలికి ఈసారి పోను.)

ఇప్పటిదాకా చెప్పింది నెట్టుడు తరంగం. రేణువు కబురు వెళ్లే దారిలోనే ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పుస్తకాల్లో అనుదైర్ఘ్య తరంగం అంటారు. దండెం మీద వెళ్లింది అది కాదు. కబురు అటు పోతే దండెం పైకీ కిందికీ ఊగింది, అడ్డంగా. అది తిర్యక్ తరంగం. ఏ పదార్థంలో ఏది పోతుందన్నది బట్టీ పట్టక్కర్లేదు, పంతాన్ని అడిగితే చాలు. పంతం రెండు రకాలు: నొక్కితే తిరగబడేది ఒకటి, పక్కకు ఒరగదీస్తే తిరిగి నిలబడేది ఇంకొకటి.

జున్ను ముక్క తీసుకోండి. కింద పళ్లెం పట్టుకుని పైభాగాన్ని వేలితో పక్కకు నెట్టండి, ఒరుగుతుంది, వదిలితే గిలగిలలాడుతూ నిలబడుతుంది. ఆ గిలగిలే తిర్యక్ తరంగం. అదే జున్నుపాలు పొయ్యి ఎక్కకముందు గిన్నెలో ఉన్నప్పుడు పైపొరను పక్కకు నెట్టి చూడండి, జరిగి అక్కడే ఉంటుంది, వెనక్కి రావాలన్న ధ్యాసే ఉండదు. నొక్కడానికి మాత్రం పాలూ ఒప్పుకోవు, జున్నూ ఒప్పుకోదు. అందుకే నెట్టుడు తరంగం రెండింటిలోనూ పోతుంది, ఒరగదీసే తరంగం జున్నులోనే పోతుంది. ద్రవాల్లోపల, వాయువుల్లోపల తిర్యక్ తరంగం నడవదు అన్న వాక్యానికి అర్థం ఇంతే.

జున్ను పోలిక నవ్వులాటకు తెచ్చింది కాదు. మన ఊళ్లో కాలేయం గట్టిపడిందేమో చూడటానికి ఫైబ్రోస్కాన్ రాస్తుంటారు. ఆ యంత్రం పక్కటెముకల మధ్య చిన్నగా తట్టి, కాలేయంలో పుట్టిన ఒరగదీసే తరంగం ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్‌తో చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో అది సెకనుకు 1 నుంచి 1.5 మీటర్లు, మనం నడిచే వేగం. కాలేయం నాలుగు రెట్లు గట్టిపడితే ఆ వేగం రెట్టింపు అవుతుంది, వీణ తీగ లెక్కే. అదే కాలేయంలో మామూలు శబ్దం వేగం సుమారు 1,540 మీటర్లు, జబ్బు ఉన్నా లేకున్నా పెద్దగా మారదు. నొక్కి చూస్తే తెలియనిది ఒరగదీసి చూస్తే తెలుస్తోందన్నమాట.

బండకు రెండు పంతాలూ ఉన్నాయి కాబట్టి బండలో రెండు తరంగాలూ పోతాయి. నెట్టుడు తరంగం ఎప్పుడూ ముందు, ఎందుకంటే నెట్టినప్పుడు బండ నలిగినందుకూ తిరగబడుతుంది, ఆకారం మారినందుకూ తిరగబడుతుంది, ఒరగదీసినప్పుడు రెండోదొక్కటే. భూకంప శాస్త్రంలో వీటినే పి, ఎస్ తరంగాలంటారు, మామూలు రాళ్లలో పి వేగం ఎస్ వేగానికి ఇంచుమించు 1.7 రెట్లు. 700 మీటర్ల దూరంలో ఈ తేడా కాళ్లకు అందదు, సెకనులో పదో వంతు ఉంటుందేమో. దూరం పెరిగితే అందుతుంది. ఇదంతా చెబుతుంటే మావాడే అన్నాడు, "భూకంపమప్పుడు గూడ గట్లనే మామా, ముందు తలుపు గొళ్లెం టకటక కొట్టుకుంది, అమ్మ లేసొచ్చినంక మంచం ఊగింది" అని.

2024 డిసెంబరు 4, ఉదయం 7:27, ములుగు జిల్లా, తీవ్రత 5.3. హైదరాబాద్‌లోనూ చాలామందికి తెలిసింది, నేను బండి మీద ఉన్నాను కాబట్టి నాకేం తెలియలేదు. హనుమకొండ ఆ చోటికి 90 కిలోమీటర్ల లోపే. బండలో పి తరంగం సెకనుకు 6 కిలోమీటర్లు, ఎస్ మూడున్నర అనుకుంటే రెండింటి మధ్య ఎడం పది పన్నెండు సెకన్లు. పిల్లాడికి భయం వేసి, వాళ్లమ్మను పిలిచి, ఆమె వంటింట్లోంచి రావడానికి సరిపోయే టైమే. హైదరాబాద్ సుమారు 220 కిలోమీటర్లు, ఇక్కడ ఎడం పాతిక సెకన్లు దాటుతుంది. ఎడాన్ని 8తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో భూమి కదిలిందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఉరుముకు మనం మెరుపు నుంచి లెక్కపెట్టి మూడుతో భాగిస్తామే, అదే ఉపాయం. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ లాంటి భూకంపాలను కొలిచే సంస్థల్లో పరికరాలు చేసే మొదటి లెక్క ఇదే, మూడు కేంద్రాల దూరాలు తెలిస్తే మూడు వృత్తాలు కలిసేచోట దొరికిపోతుంది.

పాలకూ జున్నుకూ ఉన్న ఈ తేడాతోనే భూమి కడుపులో ఏముందో కూడా పట్టుకున్నారు. 1897 జూన్ 12 అస్సాం భూకంపం రికార్డుల్లో పి, ఎస్, ఉపరితల తరంగాలను విడివిడిగా గుర్తుపట్టిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ మన భూగర్భ సర్వేలో పనిచేసినవాడు. భూమికి కేంద్ర భాగం వేరుగా ఉందని ఆయనే 1906లో తరంగాల లెక్కతో చూపించాడు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాటాక ఎస్ తరంగాలు కనిపించవు, అవతలి వైపు పరికరాల్లో వాటి జాడ లేదు. ఎస్ ఆగిపోయిందంటే అక్కడ ఉన్నది పాలే, జున్ను కాదు, అంటే కరిగిన లోహం. ఆ కరిగిన దాని మధ్యలో మళ్లీ గట్టి గోళం ఉందని 1936లో ఇంగే లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త చెప్పింది, అదీ పి తరంగాలు రాకూడని చోట సన్నగా వస్తున్నాయన్న ఒక్క ఆధారంతో. మనిషి తవ్విన అతి లోతైన బోరు 12 కిలోమీటర్ల పైచిలుకు. మిగతాదంతా తట్టి విన్నదే.

పేలుడు నుంచి బయల్దేరిన మూడోది నేల పైపొరను పట్టుకుని పోయేది. పి, ఎస్ తరంగాలు అన్ని వైపులకూ, లోతుకు కూడా పంచుకుపోతాయి కాబట్టి త్వరగా పలచబడతాయి. ఉపరితల తరంగం పైన మాత్రమే పరుచుకుంటుంది కాబట్టి దూరం పోయినా బలం మిగులుతుంది. మెల్లగా వస్తుంది, ఎక్కువ ఊపుతుంది. 1885లో రేలీ లెక్క కట్టిన రకం నేలను అల మాదిరి తిప్పుతుంది, 1911లో లవ్ లెక్క కట్టినది నేలను పక్కలకు ఊపుతుంది. (లవ్ అంటే ఆయన ఇంటిపేరే, మావాడు నవ్వడం ఆపడానికి కాసేపు పట్టింది.)

నేల మెత్తబడితే కథ ఇంకా మారుతుంది. గ్రానైట్‌లో ఎస్ తరంగం సెకనుకు 3 కిలోమీటర్లు పోతే, మెత్తటి పూడిక మట్టిలో 200 మీటర్ల దగ్గరికి పడిపోవచ్చు. వేగం తగ్గిందంటే బలం తగ్గిందని కాదు. వెనక నుంచి వస్తున్న శక్తి అలాగే వస్తోంది, ముందు దారి ఇరుకు, కాబట్టి ఊపు పెద్దదవుతుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో సిటీలో జరిగింది ఇదే: భూమి కదిలింది 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, వేలమంది చనిపోయింది పాత సరస్సు అడుగు మీద కట్టిన నగరంలో. ఆ మెత్తటి బంకమట్టి రెండు సెకన్లకోసారి ఊగడానికి ఇష్టపడింది, అదే లయలో ఊగే ఎత్తు భవనాలు ఎక్కువగా కూలాయి. మన ఊళ్లో బండ మీద కట్టిన ఇల్లూ, శిఖం భూమి, అంటే చెరువు అడుగు, పూడ్చి కట్టిన ఇల్లూ ఒకే కాలనీలో పక్కపక్కనే ఉంటాయి, అమ్మేటప్పుడు రెండింటికీ రేటు ఒకటే. నాకైతే ఈ ఒక్క విషయం ఒంటికి పట్టింది.

నీటి అలల దగ్గరికి వస్తే, నీటికి ఒరిగే పంతం లేదన్నాం కదా, మరి హుస్సేన్‌సాగర్ మీద అలలెలా? అక్కడ తిరిగి లాగేవాళ్లు వేరు. లేచిన నీటిని భూమి కిందికి లాగుతుంది, అది పెద్ద అల. వేలెడు కంటే చిన్న చిరు అలల్లో పైపొర బిగింపు లాగుతుంది, దోమ నిలబడేంత బిగింపు. ఇద్దరూ చెరిసగం లాగేది అల పొడవు 1.7 సెంటీమీటర్ల దగ్గర, అక్కడ వేగం అన్నిటికంటే తక్కువ, సెకనుకు 23 సెంటీమీటర్లు. అంతకంటే పొడుగైనా, పొట్టిదైనా వేగం పెరుగుతుంది. ట్యాంక్‌బండ్ రెయిలింగ్ పట్టుకుని తేలుతున్న నీళ్ల సీసాను చూడండి (సీసాలకు అక్కడ కొరత లేదు), అల దాని కింద నుంచి పోతుంటే సీసా పైకి, ముందుకు, కిందికి, వెనక్కి, చిన్న సున్నా చుడుతుంది, దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ సున్నా లోతుకు పోయేకొద్దీ చిన్నదై, అల పొడవులో సగం లోతుకల్లా దాదాపు మాయమవుతుంది.

సునామీకి ఈ చివరి మాట వర్తించదు, దాని అల పొడవు వందల కిలోమీటర్లు. అందులో సగం లోతు అన్నది ఏ సముద్రానికీ ఉండదు, కాబట్టి అడుగు దాకా నీళ్లన్నీ కదులుతాయి, వేగం లోతు మీద ఆధారపడుతుంది. 4,000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు, 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి 36. ముందున్నది నెమ్మదిస్తుంది, వెనకది వచ్చి మీద పడుతుంది, ఎత్తు పెరుగుతుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కదిలింది మన టైము ప్రకారం ఉదయం 6:28కి, నీళ్లు మన తూర్పు తీరాన్ని తాకింది రెండు గంటలు దాటాక. అదే భూకంపం పి తరంగం హైదరాబాద్ చేరడానికి ఐదు నిమిషాలు చాలు. హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం పని ఈ రెండు వేగాల మధ్య దొరికే టైములోనే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో సునామీ ఆఫీసేమిటని నవ్వేవాళ్లకు ఇదే జవాబు: బండలో పోయే కబురుకు ప్రగతి నగర్ ఏమంత దూరం కాదు.

ఇక గాలిలో వచ్చిన చప్పుడు. అది గోడ దగ్గరికి వచ్చి ఏం చేస్తుంది? ఒక పదార్థం నుంచి ఇంకోదానికి మారేచోట తరంగం కొంత లోపలికి పోతుంది, కొంత వెనక్కి మళ్లుతుంది. సాంద్రతను వేగంతో గుణించి రెండు వైపులా పోల్చాలి. తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ వెనక్కి. గాలికీ నీటికీ మధ్య తేడా ఎంతంటే వెయ్యిలో 999 వంతులు వెనక్కే. స్కానింగ్‌కు పోతే కడుపు మీద చల్లటి జెల్ రాసేది అందుకే, యంత్రానికీ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా కబురు లోపలికి పోదు. బరాత్ బండి వీధి చివర ఉన్నప్పుడు పాట వినపడదు, దబ్ దబ్ ఒక్కటే గోడ దాటి వస్తుంది. సన్న స్వరం గోడను సెకనుకు వేలసార్లు అటూ ఇటూ కదపాలి, అంత బరువున్న గోడ అంత హడావుడికి లొంగదు, డప్పు ఊపు అయితే సెకనుకు ఏ యాభై సార్లో, దానికి కాస్త లొంగుతుంది.

గోల్కొండలో ఫతే దర్వాజా కమాను కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, గుట్ట మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గైడు కొట్టి మరీ చూపిస్తాడు. వంపు తిరిగిన గచ్చు నుంచి చప్పుడు దాదాపు నష్టం లేకుండా వెనక్కి మళ్లుతుంది, అన్ని వైపులకూ చెదిరిపోవాల్సింది కొంత ఒకవైపుకు పోగవుతుంది. మావాడు కింద కొట్టాడు, నేను పైన నిలబడ్డాను, వాడి చేతులు కలవడం ఫోన్ వీడియో కాల్‌లో ముందు కనిపించింది, చప్పట్లు తర్వాత వినిపించాయి. మూడు సెకన్లని చెప్పాలనుంది కానీ వీడియో కాల్ కూడా లేటుగానే వస్తుంది కదా, దాంతో లెక్క వేయడం దండగ.

పేలుళ్ల సీజన్ అయ్యాక మా అసోసియేషన్ వాళ్లు పిల్లర్లు చూడమని ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన తెచ్చింది అరచేయంత డబ్బా, రెండు గుండ్రటి బిళ్లలు, ఒక గ్రీజు డబ్బా. పిల్లరుకు ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి గ్రీజు రాసి ఆనించాడు (మళ్లీ అదే జెల్ కథ), డబ్బా మీద అంకె: 98. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 98 భాగాల్లో తరంగం 40 సెంటీమీటర్ల కాంక్రీటు దాటిందని అర్థం. అంటే సెకనుకు 4 కిలోమీటర్ల పైచిలుకు, మంచి కాంక్రీటు. 3 లోపు వస్తే అనుమానించాలన్నాడు, లోపల బీట ఉంటే తరంగం చుట్టూ తిరిగి పోవాలి, టైము పెరుగుతుంది. ఎండాకాలంలో మా అమ్మ కుండ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది, ఖంగుమంటే తీసుకునేది, డబ్‌మంటే కింద పెట్టేసేది. అదే పరీక్ష, అంకె లేదంతే.

మూడు పిల్లర్లు బాగానే వచ్చాయి. నాలుగోదాని దగ్గర అంకే నిలవలేదు, 160 అంది, 210 అంది, తర్వాత గీతలు చూపించింది. పక్కనే నిలబడ్డ పై ఫ్లోర్ పెద్దాయన మొహం చూడాలి. ఇంజనీరు తొందరపడలేదు, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గోడ మీద తట్టాడు, డబ్ డబ్. ప్లాస్టరింగ్ వదులై వెనకాల సన్నటి గాలి పొర ఉంది. అరచేతి మేర ప్లాస్టర్ ఊడగొట్టి, కాంక్రీటుకే గ్రీజు రాసి బిళ్ల ఆనించాడు. 102.

వాళ్లు సంతకాలు పెట్టుకుంటుంటే మావాడు ఆ రూపాయి అడిగి తీసుకుని మెట్ల పక్క గోడ పొడవునా తట్టుకుంటూ పోయాడు. రెండో అంతస్తు నుంచి అరిచాడు.

"మామా, ఈడ గూడ డబ్ అంటుంది!"